డూలిన్‌లో మూడు రాత్రులు: పగలు నడక, రాత్రి సంగీతం – సమగ్ర మార్గదర్శి

ఐర్లండ్ ప్రయాణానికి సిద్ధమవుతున్న తెలుగువాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది: "డూలిన్‌కు ఒక్క రోజు సరిపోతుందా?" సరిపోదు. కారణం చెబుతాను.

డూలిన్ పడమటి తీరంలో, క్లేర్ కౌంటీలో ఉన్న చిన్న ఊరు. డబ్లిన్ నుంచి ఉదయం బయలుదేరే పర్యాటక బస్సులు మధ్యాహ్నానికి ఇటు చేరతాయి. భోజనానికి కాసేపు ఆగుతాయి, క్లిఫ్స్ ఆఫ్ మోహర్ అనే నిలువు కొండల అంచులు చూపిస్తాయి, సాయంత్రానికి తిరుగుముఖం పడతాయి. పబ్బుల్లో పాత ఐరిష్ బాణీల గోష్ఠి మొదలయ్యేది మాత్రం చాలా చోట్ల రాత్రి తొమ్మిదిన్నరకు.

మొదటిసారి నేనూ అలాంటి బస్సులోనే వెళ్లాను. బస్సు కదులుతుండగా ఫిడేలు పెట్టె భుజాన వేసుకున్న ఒకామె రోడ్డు దాటుతూ కనిపించింది. ఆమె వాయించబోయేది నేను వినలేను కదా అన్న బాధ డబ్లిన్ దాకా వదల్లేదు. తరువాత వెళ్లిన ప్రతిసారీ మూడు రాత్రులకు తగ్గకుండా ఉన్నాను.

కాబట్టి ఈ మార్గదర్శి అంతటికీ ఒకటే సూత్రం: రాత్రి సంగీతాన్ని ముందు ఖాయం చేసుకోండి, పగటి నడకను దాని చుట్టూ అమర్చుకోండి.

## 1. ఎన్ని రాత్రులు, ఏ నెల

మూడు రాత్రులు ఎందుకంటే, అట్లాంటిక్ తీరంలో మూడు రోజుల్లో ఒక రోజయినా వానకో గాలికో పోతుంది. రెండు రాత్రులే ఉంటే, పోయిన ఆ ఒక్క రోజే మీరు నడవాలనుకున్న రోజు కావచ్చు.

మే నెల నా మొదటి ఎంపిక. పగలు పొడవు, గదులు దొరుకుతాయి, సున్నపురాతి నేలల్లో జెన్షియన్ అనే ముదురు నీలం పువ్వు పూస్తుంది, కొండ అంచుల్లో పఫిన్ పక్షులు ఉంటాయి. జూన్‌లో సూర్యుడు రాత్రి పది దాటాక అస్తమిస్తాడు. భోజనం చేశాక కూడా గంటసేపు వెలుతురులో నడవవచ్చు. సెప్టెంబరు కూడా బాగుంటుంది. అయితే ఆ నెలలో దగ్గర్లోని లిస్డూన్‌వార్నాలో పెళ్లి సంబంధాల ఉత్సవం జరుగుతుంది, వారాంతాల్లో గదులు దొరకవు.

సంగీతం కోసమే వెళ్లేవారు రెండు సమయాలు గుర్తుంచుకోవాలి. ఫిబ్రవరి చివరలో డూలిన్‌లోనే మికో రసెల్ పేరిట సంగీత వారాంతం జరుగుతుంది. 1994లో మరణించిన ఈ టిన్ విజిల్ (చిన్న రేకు పిల్లనగ్రోవి) వాద్యకారుడు ఈ ఊరివాడే. జూలై మొదట్లో, ఇక్కడికి దాదాపు 30 కిలోమీటర్ల దూరంలోని మిల్‌టౌన్ మాల్బేలో విలీ క్లాన్సీ పేరిట వేసవి సంగీత పాఠశాల నడుస్తుంది. ఆ వారం కౌంటీ అంతా వాద్యకారులే. గది మాత్రం నెలల ముందే తీసుకోవాలి.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు చాలా బసలు మూసేస్తారు, పడవలు ఆగిపోతాయి, డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడుతుంది. తొలి ప్రయాణానికి ఆ నెలలు వద్దు.

## 2. వీసా, దారి

ఐర్లండ్ షెంగెన్ దేశాల జాబితాలో లేదు. ఫ్రాన్స్‌కో జర్మనీకో తీసుకున్న షెంగెన్ వీసా ఇక్కడ చెల్లదు. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే.

- భారత పాస్‌పోర్టు ఉన్నవారికి ఐరిష్ స్వల్పకాలిక వీసా కావాలి. ప్రయాణ తేదీకి మూడు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. ఆ మూడు నెలల మొదట్లోనే వేయండి.
- భారతదేశం నుంచి దరఖాస్తు చేసుకుని తీసుకున్న బ్రిటన్ సందర్శక వీసా మీద 'బీఐవీఎస్' (BIVS, బ్రిటిష్-ఐరిష్ వీసా పథకం) అనే అక్షరాలు ఉంటే, అదే వీసాతో ఐర్లండ్‌కూ వెళ్లవచ్చు. కానీ ముందు బ్రిటన్‌లో దిగి, అక్కడి నుంచి ఐర్లండ్ వెళ్లాలి.
- అమెరికాలో ఉంటున్న తెలుగువారికి గ్రీన్ కార్డు ఉన్నా, భారత పాస్‌పోర్టే ఉంటే ఐరిష్ వీసా తప్పదు.

హైదరాబాదు నుంచి ఐర్లండ్‌కు నేరుగా విమానం లేదు. దుబాయి, అబుదాబి, దోహా, లండన్‌లలో ఏదో ఒక చోట మారాలి. డూలిన్‌కు దగ్గరి విమానాశ్రయం షానన్, సుమారు 70 కిలోమీటర్లు.

డబ్లిన్‌లో దిగితే తేలికైన దారి ఇది: హ్యూస్టన్ స్టేషన్ నుంచి గాల్వేకు రైలు, రెండున్నర గంటలు. గాల్వే నుంచి బస్ ఏరన్ వారి 350 నంబరు బస్సు, దాదాపు రెండు గంటలు. ఈ బస్సు డూలిన్ మీదుగా క్లిఫ్స్ ఆఫ్ మోహర్‌కు, అక్కడి నుంచి లాహించ్ మీదుగా ఎనిస్ ఊరికి వెళ్తుంది. ఈ నంబరు గుర్తుంచుకోండి, నడక రోజున మళ్లీ కావాలి. రోజుకు కొన్ని సర్వీసులే ఉంటాయి, వేసవికీ చలికాలానికీ వేళలు మారతాయి. వెళ్లే వారంలోనే వేళల పట్టిక చూసి ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.

కారు అద్దెకు తీసుకునేవారికి ఒక వెసులుబాటు, ఒక హెచ్చరిక. ఇక్కడా మనలాగే ఎడమవైపు నడపాలి, ఆ ఇబ్బంది లేదు. కానీ క్లేర్ లోపలి రోడ్లు చాలా సన్నం, రెండు పక్కలా రాతి గోడలు, ఎదురుగా ట్రాక్టరు వస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్లాలి. వీలైనంత చిన్న కారు తీసుకోండి. 2025 ఫిబ్రవరి నుంచి గ్రామీణ స్థానిక రోడ్ల మీద సాధారణ వేగ పరిమితి గంటకు 60 కిలోమీటర్లు. ఒంపుల దగ్గర అది కూడా ఎక్కువే.

## 3. బస ఎక్కడ తీసుకోవాలి

డూలిన్ అంటే ఒకే వీధి అనుకుని గది తీసుకునేవారు చాలామంది. అది విడివిడిగా పరుచుకున్న ఊరు. సముద్రం వైపు ఫిషర్ స్ట్రీట్, అక్కడ ఓకానర్స్ పబ్బు. కొంత లోపలికి రోడ్‌ఫర్డ్, అక్కడ మెక్‌గాన్స్, మెక్‌డెర్మట్స్. ఈ రెండింటి మధ్య పావుగంటకు పైగా నడక. పడవల రేవు ఇంకో దిక్కున.

గది ఖాయం చేసే ముందు పటం తెరిచి, ఈ రెండు చోట్లలో ఏదో ఒకదానికి పది నిమిషాల నడకలో ఉందో లేదో చూడండి. ఊరికి నాలుగు కిలోమీటర్ల అవతల, సముద్రం కనిపించే గది తీసుకున్నారనుకోండి, రాత్రి పదకొండున్నరకు వానలో టాక్సీ కోసం వెతుక్కోవాలి. కిటికీలోంచి సముద్రం కనిపించకపోయినా ఫరవాలేదు, పబ్బు నుంచి నడిచి రాగలగడం ముఖ్యం.

వంటగది ఉన్న హాస్టళ్లు ఊళ్లో ఉన్నాయి. శాకాహారులకు నేను వాటినే సూచిస్తాను.

## 4. సంచిలో ఏముండాలి

- నీరు చొరని జాకెట్, పైన వేసుకునే ప్యాంటు. గొడుగు వద్దు. ఇక్కడి గాలికి మొదటి రోజే ఇనుప పుల్లలు వంగిపోతాయి.
- చీలమండను పట్టి ఉంచే, అడుగున గట్టి పట్టు ఉన్న బూట్లు. కొత్తవి కొని నేరుగా ఇక్కడ తొడగకండి. నెల ముందు నుంచి ఊళ్లో వేసుకుని నడవండి.
- ఉన్ని మేజోళ్లు మూడు జతలు. తడిసిన జత మరునాటికి ఆరదు.
- ఒక మందపాటి స్వెటర్ కన్నా రెండు పలచటి స్వెటర్లు మేలు. వేసవిలో కూడా పగటి వేడి 20 డిగ్రీలు దాటడం తక్కువ.
- టార్చి, మెరిసే పట్టీ ఉన్న చొక్కా. రాత్రి నడిచే రోడ్డుకు చాలా చోట్ల దీపాలూ లేవు, కాలిబాటా లేదు.
- దీర్ఘచతురస్రపు మూడు కాళ్ల ప్లగ్గుకు సరిపడే అడాప్టర్.
- కొన్ని యూరోలు నగదుగా.

ఇక తిండి. భారతదేశం నుంచి నెయ్యి, పాలకోవా, పాల మిఠాయిలు, మాంసం పచ్చళ్లు తీసుకురాకూడదు. ఐరోపా సమాఖ్య వెలుపలి నుంచి పాల, మాంస పదార్థాలు సామానులో తేవడం నిషేధం. తాజా కరివేపాకు, మామిడిపళ్లు కూడా విమానాశ్రయంలో తీసేస్తారు. కందిపొడి, కరివేపాకు పొడి, పులిహోర పొడి వంటివి గట్టిగా మూసిన పొట్లాలలో తెచ్చుకోండి.

## 5. ఏ రోజు ఏ నడక: ముందు గాలిని చూడండి

ఇక్కడ వానకన్నా గాలి ప్రమాదం. ఐరిష్ వాతావరణ శాఖ మెట్ ఏరన్ పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో హెచ్చరికలు ఇస్తుంది. గాలికి సంబంధించి క్లేర్‌కు పసుపు హెచ్చరిక ఉన్నా సరే, కొండ అంచున నడవకండి. ఆ రోజు లోపలి నేలల్లో నడవండి.

డూలిన్ చేరిన సాయంత్రమే మూడు రోజుల గాలి సూచన చూసి, అన్నిటికన్నా నిమ్మళంగా ఉన్న రోజును కొండ అంచుకు కేటాయించండి. ఆ తరువాతి నిమ్మళమైన రోజు పడవకు. మిగిలినది బర్రెన్ అనే సున్నపురాతి ప్రాంతానికి. హైదరాబాదులో కూర్చుని "సోమవారం కొండ, మంగళవారం దీవి" అని రాసుకుంటే ఆ కాగితం ఇక్కడ పనికిరాదు.

## 6. కొండ అంచు నడక, అడుగడుగునా

క్లిఫ్స్ ఆఫ్ మోహర్ సముద్రమట్టం నుంచి అత్యధికంగా 214 మీటర్ల ఎత్తు. డూలిన్ నుంచి అక్కడి సందర్శక కేంద్రం దాకా తీరం వెంబడి దారి సుమారు 8 కిలోమీటర్లు, మూడు గంటలు పెట్టుకోవాలి.

మొదటి పని: దారి తెరిచి ఉందో లేదో చూడడం. 2024లో భద్రతా కారణాలతో ఈ తీర మార్గంలో పెద్ద భాగాలు మూసేశారు. వెళ్లే వారంలో అధికారిక ప్రకటన చదవండి, బస యజమానిని అడగండి. మూసి ఉన్న చోట కంచె దాటే పర్యాటకులు కనిపిస్తారు. వాళ్ల వెంట వెళ్లకండి. అంచున పచ్చగా కనిపించే గడ్డి కింద చాలా చోట్ల మట్టి ఉండదు, కేవలం వేళ్లు అల్లుకుని గాలిలో వేలాడుతుంటాయి. ఈ అంచుల మీద మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

తెరిచి ఉంటే, ఈ వరస పాటించండి:

1. ఉదయం డూలిన్ నుంచి 350 బస్సులో సందర్శక కేంద్రానికి వెళ్లండి. చాలామంది దీనికి తిరగేసి, డూలిన్ నుంచి నడిచి వెళ్లి అక్కడ తిరుగు బస్సు కోసం చూస్తారు. ఆ బస్సు తప్పితే మళ్లీ గంటల తరబడి ఎదురుచూపు. బస నుంచి దూరంగా వెళ్లి బస వైపు నడిచి వస్తే ఏ బస్సుకూ కట్టుబడి ఉండనక్కరలేదు.
2. కేంద్రం దగ్గర మరుగుదొడ్లు వాడుకోండి, నీళ్లు నింపుకోండి. తరువాత డూలిన్ దాకా ఏమీ దొరకవు.
3. 1835లో కట్టిన ఓబ్రయన్ బురుజు దాటాక జనం పలచబడతారు, దారి సన్నబడుతుంది. ఇక్కడి నుంచి సముద్రం మీ ఎడమ చేతి వైపు. ఎప్పుడూ దారికి కుడి పక్కనే, అంటే పొలం వైపే నడవండి. ఎదురుగా మనుషులు వస్తే మీరు పొలం వైపు ఆగి, వాళ్లు దాటేదాకా నిలబడండి.
4. ఫొటో తీయాలంటే ముందు ఆగండి, తరువాత ఫోను తీయండి. నడుస్తూ తీయవద్దు.
5. రాతి కంచెల మీద మెట్లు, పశువుల విద్యుత్ తీగలు వస్తాయి. తీగను తాకకుండా, మెట్ల మీదుగానే దాటండి. ఇవి రైతుల సొంత భూములు. కుక్కలను తేకూడదు.
6. చివరి గంటన్నర దిగుడు. మోకాళ్ల నొప్పి ఉన్నవారు చేతి కర్ర వాడండి.

దారి పొడవునా పలకల్లా నిలబెట్టిన లిస్కానర్ రాళ్లు ఉంటాయి. ఒకచోట ఆగి ఆ రాతి ముఖాన్ని దగ్గరగా చూడండి. వేలి మందాన మెలికలు తిరిగిన గీతలు కనిపిస్తాయి. కోట్లాది ఏళ్ల క్రితం, ఈ రాయి ఇంకా నీటి అడుగున మెత్తటి ఇసుకగా, బురదగా ఉన్నప్పుడు పాకిన జీవుల జాడలవి. వేలు పెట్టి ఆ మెలిక వెంట జరిపితే, ఆ జీవి ఎటు మళ్లిందో తెలుస్తుంది. ఊళ్లో పబ్బుల నేల చూసినా ఇవే రాళ్లు కనిపిస్తాయి.

ప్రమాదం జరిగితే 112కు గానీ 999కు గానీ ఫోను చేసి తీర రక్షక దళం కావాలని అడగండి.

## 7. దారి మూసి ఉంటే, గాలి ఎక్కువైతే

పడవలో కొండల కిందికి, గాలి నిమ్మళంగా ఉంటేనే. సందర్శక కేంద్రం పరిధిలోని రాళ్లు పరిచిన దారి నుంచి కొండలను పైనుంచి చూడవచ్చు. కానీ ఎత్తు తెలిసేది కింది నుంచే. డూలిన్ రేవు నుంచి ఒక గంట పడవ యాత్ర ఉంటుంది. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారు మాత్ర ముందే వేసుకోండి. పడవ ఎక్కాక వేసుకుంటే ఫలితం ఉండదు.

ఇనిష్ ఈర్ దీవి. మూడు ఆరన్ దీవుల్లో ఇది డూలిన్‌కు అన్నిటికన్నా దగ్గర. వేగంగా వెళ్లే పడవలో పావుగంట. దీవి చిన్నది, కాలినడకన చుట్టి రావచ్చు: రాతి గోడల మధ్య సందులు, పాత కోట, 1960లో తుపానుకు ఒడ్డున పడిన ప్లాసీ ఓడ తుప్పు పట్టిన దేహం. ఇక్కడి జనం ఇళ్లల్లో ఐరిష్ మాట్లాడతారు. పడవలు స్థూలంగా మార్చి చివరి నుంచి అక్టోబరు దాకా నడుస్తాయి. దీవిలో దిగగానే చివరి పడవ వేళ అడిగి తెలుసుకోండి.

బర్రెన్. మైళ్ల కొద్దీ బూడిద రంగు సున్నపురాయి. రాతి పలకల మధ్య మోకాలి లోతు చీలికలు ఉంటాయి, వాటిలో కాలు ఇరుక్కుంటే చీలమండ బెణుకుతుంది. తడిసిన రాతి మీద వేగం తగ్గించండి. పువ్వులు కోయకండి, రాళ్లను ఒకదాని మీద ఒకటి పేర్చకండి. ఆ చీలికల్లో బతికే మొక్కలకు ఆ రాళ్లే నీడ.

రేవు దగ్గరి రాళ్లు. సాయంత్రం చిన్న నడకకు బాగుంటాయి. నల్లగా తడిసి ఉన్న రాతి మీద మాత్రం నిలబడకండి. అల ఇప్పుడే అక్కడిదాకా వచ్చి వెళ్లిందని అర్థం, మళ్లీ వస్తుంది.

## 8. సెషన్: ఎలా కూర్చోవాలి, ఎలా వినాలి

పబ్బులో వాద్యకారులు కలిసి వాయించే గోష్ఠిని సెషన్ అంటారు. ఇది మన సభల్లో జరిగే కచేరీ లాంటిది కాదు. వేదిక లేదు, మైకు చాలా చోట్ల ఉండదు, కార్యక్రమ పట్టిక లేదు. ఒక బల్ల చుట్టూ వలయంగా కూర్చుంటారు. ఒకరు ఎత్తుకుంటారు, తెలిసినవారు అందుకుంటారు. మన భజన గోష్ఠిలో కూర్చున్నవారికి ఈ అమరిక వెంటనే అర్థమవుతుంది. తేడా ఒక్కటే: ఇక్కడ చుట్టూ ఉన్నవారు అందుకోరు, వింటారు.

ముందు చేయాల్సినవి

- మధ్యాహ్నమే పబ్బుకు వెళ్లి "ఈ రాత్రి సెషన్ ఎన్నింటికి?" అని అడగండి. ఏ రోజు ఎక్కడో ఊళ్లో వాళ్లే కచ్చితంగా చెప్పగలరు.
- తొమ్మిదిన్నరకు ఆట అంటే ఎనిమిదికి వెళ్లండి. అక్కడే భోజనం చేయండి, కూర్చున్న చోటు నిలుస్తుంది.
- మూలన ఖాళీగా ఉన్న మంచి బల్ల చూసి కూర్చోకండి. అది వాద్యకారుల చోటు అయి ఉంటుంది. దాని పక్క బల్ల అడగండి. వలయానికి రెండు గజాల దూరం నుంచి వింటేనే ఫిడేలు కమాను తీగను కొరికే శబ్దం తెలుస్తుంది.
- మద్యం తాగాల్సిన పని లేదు. టీ, నిమ్మ సోడా అడిగితే ఎవరూ వింతగా చూడరు. కానీ ఏదో ఒకటి కొనండి, ఖాళీ చేతులతో బల్ల పట్టుకుని కూర్చోవడం మర్యాద కాదు.

వినేటప్పుడు

బాణీల రకాలను పట్టుకోవడానికి మన జతులే చాలు. రీల్ అయితే "తకధిమి తకధిమి" అని పరుగెడుతుంది. జిగ్ అయితే "తకిట తకిట". స్లిప్ జిగ్ అయితే ఒక్కో చుట్టుకు మూడు "తకిట"లు. చేత్తో తొడ మీద మెల్లగా వేసుకోండి, రెండో బాణీకే తేడా దొరుకుతుంది.

ఒక బాణీలో సాధారణంగా రెండు భాగాలు. ఒక్కొక్కటి రెండేసి సార్లు వాయిస్తారు. మొత్తం బాణీని మూడు సార్లు తిప్పి, ఆగకుండా మరో బాణీలోకి దూకుతారు. అలా రెండు మూడు కలిపితే ఒక సెట్, ఐదు నిమిషాల లోపు. ఆ దూకే క్షణాన్ని చూడండి. ఎత్తుకున్న వ్యక్తి తల పైకెత్తి వలయం చుట్టూ ఒక్క చూపు విసురుతారు, లేదా "హప్" అంటారు. నేను చూసిన ఒక పెద్దాయన అదీ చేసేవాడు కాదు. అంతవరకు నేలకు తడుతున్న బూటు మడమను ఒక్క దెబ్బసేపు గాలిలో ఆపేవాడు. అంతే, ఎదురుగా కన్సర్టీనా (చేతుల్లో పట్టుకుని వాయించే చిన్న తిత్తి వాద్యం) వాయిస్తున్న అమ్మాయి వేళ్లు కొత్త స్వరం మీద సిద్ధంగా ఉండేవి.

వాద్యాల పేర్లు అడగడానికి మొహమాటపడకండి, విరామంలో సంతోషంగా చెబుతారు. చేతి డోలును బౌరాన్ అనాలి. మోచేతితో గాలి ఊదే పైపులను ఇలన్ పైప్స్ అంటారు.

చేయకూడనివి

- మధ్యలో చప్పట్లతో తాళం వేయవద్దు. సెట్ ముగిశాక చప్పట్లు కొట్టండి.
- ఎవరైనా వాద్యం లేకుండా ఒంటరిగా పాట ఎత్తుకుంటే, గది మొత్తం మాటలు ఆపేస్తుంది. మీరూ ఆపండి, గ్లాసు కూడా బల్ల మీద పెట్టకండి. ఈ పాత పద్ధతి గానాన్ని షాన్ నోస్ అంటారు. ఆలాపనకు మన దగ్గర ఇచ్చే నిశ్శబ్దమే దీనికీ ఇవ్వాలి.
- అడగకుండా వీడియో తీయవద్దు. అడిగితే చాలామంది సరేనంటారు. ఒక సెట్ తీసుకుని ఫోను జేబులో పెట్టేయండి.
- ఫలానా ప్రసిద్ధ పాట వాయించమని అడగవద్దు.
- కృతజ్ఞత చూపాలంటే కౌంటరు దగ్గర "వాద్యకారులకు ఒక రౌండు" అని చెప్పి డబ్బు కట్టండి. వాళ్లలో ఎవరు ఏం తాగుతారో అక్కడివారికి తెలుసు.

## 9. పిల్లలతో వెళ్తే

ఇది ముందే తెలియక చాలా కుటుంబాలు నిరాశపడుతున్నాయి. ఐరిష్ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపువారు రాత్రి 9 గంటలకు పబ్బు బారు నుంచి వెళ్లిపోవాలి. మే నుంచి సెప్టెంబరు వరకు ఆ గడువు రాత్రి 10. అంటే తొమ్మిదిన్నర సెషన్‌లో పిల్లలకు దక్కేది వేసవిలో అరగంట, మిగతా నెలల్లో ఏమీ లేదు.

పరిష్కారాలు రెండు. వేసవిలో సాయంత్రం పెందలాడే వాయించే చోట్లు ఉంటాయేమో ఊళ్లో అడగండి. లేదా పెద్దవాళ్లు వంతులు వేసుకోండి: ఒక రాత్రి ఒకరు పిల్లల దగ్గర, మరో రాత్రి మరొకరు. మూడు రాత్రులు ఉండమన్నది ఇందుకు కూడా.

## 10. మీకు వాద్యం వచ్చి ఉంటే

కర్ణాటక వయొలిన్, వేణువు నేర్చుకున్న పిల్లలు, పెద్దలు ఈ ప్రశ్న అడుగుతున్నారు. చెవితో పట్టుకునే అలవాటు మీకు పెద్ద బలం, ఎందుకంటే ఇక్కడా ఎదురుగా కాగితం పెట్టుకోరు. కానీ ఈ వరసలో వెళ్లండి.

1. వయొలిన్ శ్రుతి మార్చుకోండి. ఇక్కడ తీగలు జి, డి, ఏ, ఈ స్వరాలకు బిగిస్తారు. మన స ప స ప అమరిక పనికిరాదు. బాణీల్లో ఎక్కువ భాగం డి, జి స్థాయిల్లో ఉంటాయి.
2. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి పది బాణీలు నేర్చుకోండి. గమకాలు తీసేసి, కమాను ఊపు మీద దృష్టి పెట్టండి. నృత్యం కోసం పుట్టిన సంగీతమిది, నడక తప్పితే స్వరం ఎంత శుద్ధంగా ఉన్నా లాభం లేదు.
3. మొదటి రాత్రి వాద్యం బసలోనే ఉంచి, విని రండి.
4. రెండో రాత్రి విరామంలో, నడిపిస్తున్నవారి దగ్గరికి వెళ్లి "మీతో కూర్చోవచ్చా?" అని అడగండి. రమ్మంటేనే పెట్టె తెరవండి.
5. తెలిసిన బాణీలోనే వాయించండి. తెలియనిదానికి వాద్యం ఒడిలో పెట్టుకుని వినండి. వాళ్లు "మీరొకటి ఎత్తుకోండి" అన్నప్పుడు మొహమాటం లేకుండా ఎత్తుకోండి. అప్పుడు ఒక త్యాగరాజ కృతి పల్లవి వాయించినా శ్రద్ధగా వింటారు.

మృదంగం, తబలా వచ్చినవారు బౌరాన్ చూసి ఉబలాటపడతారు. ఒక వలయంలో ఒక్క బౌరాన్ చాలని ఇక్కడివారి అభిప్రాయం. అప్పటికే ఒకరు వాయిస్తుంటే ఆగండి.

వాద్యం ఏదీ రానివారు డి శ్రుతి టిన్ విజిల్ కొనుక్కోండి. ధర తక్కువ, సంచిలో పడుతుంది. కొండ దిగాక రేవు దగ్గర కూర్చుని సాధన చేసుకోవచ్చు.

## 11. శాకాహారుల భోజనం

ఉదయం బసలో ఓట్స్ జావ, గుడ్లు, సోడా రొట్టె దొరుకుతాయి. మధ్యాహ్నం కూరగాయల సూపు, గోధుమ రొట్టె. ఇక్కడ ఒక్క ప్రశ్న తప్పక వేయండి: "సూపు కోడి రసంతో చేశారా?" పేరులో కూరగాయలే ఉన్నా చాలా చోట్ల అడుగున కోడి రసం ఉంటుంది.

రాత్రి పబ్బుల వంటగదులు తొమ్మిదికల్లా మూసేస్తారు. సెషన్ అయ్యాక తిందామనుకుంటే ఆకలితోనే పడుకోవాలి. వంటగది ఉన్న హాస్టల్‌లో ఉంటే ఆరున్నరకే అన్నం వండుకుని, కందిపొడి కలుపుకుని తిని, ఎనిమిదికి పబ్బు చేరడం నా పద్ధతి.

## 12. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

మొదటి రాత్రే అలసిపోవడం. సుదూర ప్రయాణం చేసి దిగిన రోజు సెషన్‌లో కునికిపాట్లు వస్తాయి. ఆ మధ్యాహ్నం గంటన్నర పడుకోండి.

సెషన్ మరునాడే ఉదయం ఆరు గంటలకు పెద్ద నడకకు బయలుదేరడం. రాత్రి పన్నెండుకు పడుకున్నవారు కొండ అంచున తడబడతారు. నడక పదింటికి మొదలుపెట్టండి. వేసవిలో వెలుతురుకు కొదవ లేదు.

ఒకే రాత్రి మూడు పబ్బులు తిరగడం. ప్రతిచోటా ముందు వరస నిండిపోయి ఉంటుంది, మీరు తలుపు దగ్గర నిలబడతారు. ఒక రాత్రికి ఒకటే.

వలయం చిన్నదని లేచి వెళ్లిపోవడం. ఇద్దరే వాయిస్తున్న మంగళవారం రాత్రి, కిక్కిరిసిన శనివారం కన్నా ఎంతో మేలు. నేను విన్నవాటిలో ఉత్తమమైనది ఒక ఫిడేలు, ఒక వేణువు మాత్రమే ఉన్న రాత్రి.

తడి బూట్లు హీటరు మీద పెట్టడం. అట్ట విడిపోతుంది. లోపల పాత వార్తాపత్రిక కుక్కి, గంటకోసారి మార్చండి.

## 13. ప్రతి సాయంత్రం చూసుకోవాల్సినవి

- రేపటి గాలి, మెట్ ఏరన్ హెచ్చరిక
- తీర మార్గం తెరిచి ఉందా
- 350 బస్సు వేళ, చివరి పడవ వేళ
- ఈ రాత్రి సెషన్ ఎక్కడ, ఎన్నింటికి
- ఆరిన మేజోళ్ల జత
- ఫోను చార్జింగు, టార్చి బ్యాటరీ
- పబ్బు నుంచి తిరిగి వచ్చేటప్పుడు మెరిసే చొక్కా వేసుకుని, ఎదురు వాహనాలు కనిపించేలా రోడ్డుకు కుడి పక్కన, ఒకరి వెనక ఒకరుగా నడవండి